దివాణం సోల

మా ముత్తాతగారు నూజివీడు సీమలో రెండు గ్రామాల శిస్తు అనుభవించే మొఖాసాదారు. ఆయన గుమ్మంలోకి చెప్పులతో వచ్చినవాడు లేడు. మా తాతగారి నాటికి ఒక గ్రామమూ కొన్ని మామిడితోటలూ మిగిలాయి. మా నాన్నగారి నాటికి ఒక తోటా, ఒక లోగిలీ, ఒక వ్యాజ్యమూ మిగిలాయి. వ్యాజ్యం కూడా ఓడిపోయాక నేను వైద్యం చదివాను.

ఈ వరసంతా గొప్పకోసం చెప్పడం లేదు. జాలికోసం అంతకన్నా కాదు. కుర్ర డాక్టర్లకోసం రాస్తున్న ఈ పుస్తకంలో నేను చెప్పబోయే కేసులో గింజలు కొలిచే ఇత్తడి సోల ఒకటి ఉంది. అది ఎవరి సోలో తెలియకపోతే మిగతాది అర్థం కాదు.

రైతులు దివాణానికి గింజలు కొలిచే రోజుల్లో మా ఇంట్లో మూడు కొలతలు ఉండేవి. పెద్దది కుంచం, తరవాత మానిక, చిన్నది సోల. మూడింటి మీదా మా ఇంటి ముద్ర. ఆ ముద్ర లేని కొలతతో కొలిస్తే గుమాస్తా ఒప్పుకునేవాడు కాదు. అంచుకు సమంగా తలకొట్టి కొలిచినా చాలదు, పైన కుప్పగా శిఖ నిలిచేలా పోయాలి. "దివాణం మానికకి ఆకలెక్కువ" అని రైతులు వెనకాల అనుకునేవాళ్ళట. మా తాతగారికి ఆ మాట తెలుసు. తెలిసి నవ్వేవారట. నా కాలానికి కొలిచే గింజలు లేవు. ముద్ర కొలతలు మాత్రం దేవుడి గదిలో గూట్లో బోర్లించి ఉండేవి. ఏటా నాన్నగారి తద్దినం బియ్యం మా అమ్మ ఆ సోలతోనే కొలిచేది. మొదటి సోలకు "ఒకటి" అనేది కాదు, "లాభం" అనేది. కొలిచేవాళ్ళందరూ అలాగే అంటారనుకోండి. మా అమ్మ అంటుంటే అది మా ఇంటి సొత్తులా వినిపించేది.

యుద్ధం అయిపోయింది, స్వరాజ్యం వచ్చింది, జమీందారీలు ఎత్తేసే చట్టం గురించి వీధి అరుగుల మీద వాదించుకుంటున్నారు. అటువంటి రోజుల్లో నేను మా ఊరికి దగ్గరలోనే జిల్లా బోర్డు డిస్పెన్సరీలో డాక్టరుగా చేరాను.

"జీతాలిచ్చిన వంశంరా మనది. జీతం మనకి పడదు" అంది మా అమ్మ.

"పడకపోతే దద్దుర్లొస్తాయి. అప్పుడు చూద్దాం" అన్నాను. ఆ హాస్యం కొద్దికాలంలోనే నాకు ఎదురొస్తుందని అప్పుడు తెలియదు.

డిస్పెన్సరీ అంటే పెంకుటిల్లు. నాకొక గది, మందుల గదొకటి, ముందు వసారా. పడకలు లేవు. నాకన్నా ముందునుంచీ అక్కడ ఒక కాంపౌండరుగారు ఉండేవారు. ముక్కుపొడుం పీలుస్తూ, మిక్స్చరు కలుపుతూ, వసారాలో పోట్లాట తీరుస్తూ, మూడు పనులూ ఒక్కసారే చేసేవారు. మంచి చెయ్యి. చీము తీస్తే పిల్లలు కూడా ఏడ్చేవాళ్ళు కాదు. మాట మాత్రం పొదుపు. జనం ఎక్కువ, ఆయన ఒక్కడు. అందుకని ప్రశ్నలన్నీ కత్తిరించి పెట్టుకున్నారు. "జొరం? దగ్గు? విరోచనం? మందు పడిందా? ఎల్లు."

మామిడి రోజులొస్తే మా వసారా అంతా జీడి కేసులే. కాయ కోసేటప్పుడు ముచ్చిక దగ్గర విరిగితే జీడి అనే సొన చిమ్ముతుంది. అది పడ్డచోట ఒళ్ళు కాలినట్టు నల్లబడి పొక్కుతుంది. మొహం మీద పడితే కళ్ళు మూసుకుపోతాయి. కోత కూలీలకు అది ఏటా ఉండేదే. వేసవిలో మా ప్రాంతంలో ఎవరి మొహం వాచినా "జీడి పడింది" అనేవాళ్ళు. నూటికి తొంభై మందికి అది నిజమే. చిక్కు మిగతావాళ్ళతోనే.

మాకు మిగిలిన ఆ ఒక్క తోటకూ ఒక కాపలాదారుడు ఉండేవాడు. యాభై ఏళ్ళవాడు. అతని తాత మా తాతగారికి గింజలు కొలిచినవాడు. చిన్న రసం చెట్టుమీద ఏ కొమ్మ ఎప్పుడు పండుతుందో చెప్పడం కన్నా, మా అమ్మ ఎప్పుడు కోప్పడుతుందో చెప్పడంలో అతనికి ఎక్కువ నేర్పు. ఆ ఏడు కోతల్లో అతని మెడ మీద జీడి పడింది. గోకాడు. పుండై చీము పట్టింది. నేను సల్ఫా మాత్రలు రాశాను. ఆ రోజుల్లో చీముకు అంతకన్నా మంచి మందు మా అలమరలో లేదు. మాత్ర వేసుకున్నప్పుడల్లా బాగా నీళ్ళు తాగమని చెప్పి పంపాను.

తరవాత కోర్టులో ఒక గాయాల కేసు సాక్ష్యానికి బెజవాడ వెళ్ళాను. అక్కడ వాయిదా మీద వాయిదా పడి కొన్నాళ్ళు చిక్కుకుపోయాను. తిరిగి వచ్చిన రోజు పొద్దున డిస్పెన్సరీ గుమ్మంలో కాపలాదారుడి భార్య నిలబడి ఉంది.

"బాబుగారండీ, మా ఆయన మొహం బూరెలా పొంగిందండీ. చూస్తే నవ్వొస్తంది, నవ్వితే ఏడుపొస్తంది."

మందుల గదిలోంచి కాంపౌండరుగారు, "జీడేలే అమ్మా. నెయ్యి రాయి" అన్నారు.

"జీడి మా ఆయనకి కొత్తేంటండీ? పెళ్ళప్పుడే మొహం మీద మచ్చలతో కూచున్నాడు. ఇది అది కాదు. నీళ్ళు కూడా సరిగ్గా పోటంలేదండి. పోసిన కాసినీ మాంసం కడిగిన నీళ్ళలాగున్నాయి."

నేను సైకిలెక్కాను. కాంపౌండరుగారు వెనక సీటు మీద కూర్చున్నారు. ఎందుకొచ్చారో ఆయన్నడగలేదు. ఆ ముసలాయన చెవికి కూడా ఆ ఆఖరి మాట పట్టిందన్నమాట.

తోటలో పాక ముందు నులకమంచం మీద ఉన్నాడతను. నన్ను చూసి లేవబోయాడు.

"పడుకో" అన్నాను.

"మీరు నిలబడి ఉంటే ఎట్టా బాబూ..."

"నేను డాక్టరుగా వచ్చాను. దివాణం మనిషిగా రాలేదు."

"రెంటికీ తేడా ఏంటండీ, రెంటికీ దణ్ణం పెట్టాలిగా" అని పడుకున్నాడు.

కళ్ళకింద సంచుల్లా వేలాడుతున్నాయి. సాయంత్రానికి ఆ వాపు కాళ్ళలోకి దిగుతోందట. కాలి వెండి మురుగు చర్మంలోకి దిగబడిపోయింది. జ్వరం ఉంది. చొక్కా ఎత్తి చూస్తే వీపంతా ఎర్రటి దద్దుర్లు. నడుమూ తొడలూ కూడా.

"వీపు మీదా జీడి పడిందా?"

"చొక్కా లేకుండా చెట్టెక్కే మడిసినా బాబూ నేను?"

జీడి పడ్డచోటే కాలుస్తుంది. చొక్కాకింద, పంచెకింద, ఒళ్ళంతా సమానంగా చల్లదు. ఆ ఎరుపు లోపలినుంచి వచ్చింది. అప్పుడడిగాను. "నేనిచ్చిన మాత్రలు ఏం చేశావు?"

జవాబు అతని భార్య చెప్పింది. చెప్పడం కాదు, ఆడి చూపించింది. ఒకసారి కాంపౌండరుగారిలా ముక్కుపొడుం పీల్చింది, ఒకసారి మొగుడిలా చేతులు కట్టుకుంది.

"మీరిచ్చినయ్యి ఏసుకున్నాక ఒకటే దురదండీ. సగంలో ఆపేసి ఆసుపత్రికెళ్ళాం. ఈయనగారు అడిగారు, 'మాత్రలు పడ్డాయా?' అని. మా ఆయన 'పడలేదండీ' అన్నాడు. 'పడకపోతే ఎట్టా తగ్గుద్ది? ఇక్కడే నా ఎదురుగా ఏసుకో' అన్నారు. వేయించారు. ఇంకా పొట్లం కట్టిచ్చారు. మా ఆయన బయటికొచ్చి, 'పడలేదన్నా ఇచ్చారంటే పడేదాకా ఏసుకోవాలి గావాలే' అన్నాడు. అన్నీ ఏసుకున్నాడండీ. ఒక్కటి పారెయ్యలా."

కాంపౌండరుగారి చేతిలో పొడుం డబ్బా మూత తెరిచినట్టే ఉండిపోయింది.

"పడలేదంటే... కడుపులో పడలేదనుకున్నానండీ" అన్నారు నాతో. తరవాత మంచం వైపు తిరిగి, "నీకు సరిపళ్ళేదని చెప్పొచ్చుగదయ్యా" అన్నారు.

"అదే చెప్పానుగదండీ. పడలేదని."

ఇద్దరూ తెలుగే మాట్లాడారు. ఇద్దరూ తప్పు మాట్లాడలేదు.

ఈ పుస్తకం చదివే కుర్ర డాక్టర్లకు ఎలర్జీ అనే మాట ఉంది. మాకూ బళ్ళో ఆ మాట చెప్పారు గాని, వసారాలో దానికి ఏ తెలుగు మాట వాడాలో చెప్పలేదు. జనం దగ్గర అది ఎప్పటినుంచో ఉంది. పడదు. వంకాయ పడదు, గోంగూర పడదు, ఊరి నీళ్ళు పడవు. ఒంటికి పడనిది లోపలికొస్తే ఒళ్ళు దానిమీద తిరగబడుతుంది. ఆ తిరుగుబాటు చర్మం మీద జరిగితే దద్దురంటాం, కళ్ళకు కనిపిస్తుంది. మూత్రపిండంలో జరిగితే కనిపించదు. నెత్తురు వడగట్టే చోటు వాచి, బయటికి పోవలసిన నీరు లోపలే నిలుస్తుంది, లోపల ఉండవలసిన సారం బయటికి పోతుంది. మాత్ర ఆపకపోతే అది అలాగే సాగుతుంది. మొహం వాపు ఒక్కటే మనకు అందే కబురు. మా సీమలో ఆ కబురు మామిడి రోజుల్లో వస్తే, జీడి అని చెప్పి వెనక్కి పంపేస్తాం.

అతని మూత్రం సీసాలో పట్టుకుని డిస్పెన్సరీకి వచ్చి, గాజుగొట్టంలో పోసి స్పిరిటు దీపం మీద కాచాను. ఆమ్లం చుక్క వేశాను. పాలు విరిగినట్టు విరిగింది. పోకూడని సారం పోతోందన్నమాట. కాంపౌండరుగారు భుజం మీంచి చూశారు. ఆ పూట పొడుం పీల్చలేదు.

నూజివీడులో నాకన్నా పెద్ద డాక్టరొకాయన ఉండేవారు. ఆయన దగ్గరికి పరుగెత్తాను. సల్ఫా పలుకులు మూత్రనాళాల్లో అడ్డుపడి ఉండొచ్చు, సోడా కలిపి కుండలకొద్దీ నీళ్ళు పట్టించమని అప్పట్లో అందరూ చెప్పేవాళ్ళు. దద్దుర్లూ జ్వరమూ వాపూ సంగతి చెప్పి, ఇది ఒంటికి పడకపోవడమేనని నేనన్నాను. ఆయన గడ్డం నిమురుకున్నారు.

"రెండూ కావచ్చునయ్యా. నీళ్ళు పోస్తే కడగనూ వచ్చు, ముంచనూ వచ్చు. మాత్ర ఆపావుగా, మంచిపని. ఇక బయటికెంత వస్తోందో కొలువు. వచ్చినంతకు కాస్త మించి తాగనియ్యి. ఉప్పు మాన్పించు. అంతకు మించి నా దగ్గరా మందు లేదు, బెజవాడలోనూ లేదు. ఆ రోడ్డు మీద బొగ్గుతో నడిచే బస్సులో కుదిపావంటే మాత్రం నీ ఇష్టం."

కొలవాలంటే మనిషి కళ్ళెదుట ఉండాలి. పాకలో ఉంచితే భార్య చలవ చేస్తుందని కొబ్బరిబోండాలు పట్టించేస్తుంది. ఊపిరితిత్తులకు నీరు పట్టిందంటే ఇక చేయగలిగింది లేదు. అందుకని బండి కట్టించి మా లోగిలికే తెచ్చాను. ఒకప్పుడు శిస్తు వసూళ్ళు జరిగిన కచేరీ సావిడిలో మంచం వేయించాను.

మా అమ్మ స్తంభం పట్టుకుని చూసింది. "సావిడిలోనా?"

"గాలి బాగుంటుంది."

"గాలి ఎప్పుడూ బాగానే ఉండేది" అని లోపలికి పోయింది.

కొలవడానికి డిస్పెన్సరీలో ఉన్నది ఔన్సు గ్లాసు ఒక్కటే. మందులు కొలిచేది. దాన్ని మూత్రానికి వాడనియ్యను. నాకు కొలత తప్పని గిన్నె కావాలి. తప్పదని మూడు తరాలుగా మేం ప్రమాణం చేస్తున్నది దేవుడి గది గూట్లో ఉంది. వెళ్ళి సోల తీశాను. బియ్యానికి సోల సోలే, నీళ్ళకూ సోల సోలే. లోపల అడుగునుంచి పైకి మేకుతో గీతలు గీసుకున్నాను.

మా అమ్మ చూసింది. దేనికో అడిగింది. చెప్పాను.

ఖాళీ అయిన గూటి చోటు కొంగుతో తుడిచింది. తరవాత, "మీ తాతగారు చూస్తే ఏమంటారు?" అంది.

"తలకొట్టి కొలవమంటారు."

అది అనవలసిన మాట కాదు. కాని ఆమె పెదవి ఒక పక్కకు కదిలింది.

మంచం మీద ఉన్నవాడు సోలను చేతిలో తిప్పి ముద్ర చూశాడు. వాచిన కళ్ళతో కూడా ముద్ర గుర్తుపట్టాడు.

"మా తాత పండించిందంతా ఇందులోనే పోశాడు బాబూ. ఇప్పుడు నేను ఇది పొయ్యాలా?"

"పొయ్యాలి."

"శిఖ పొయ్యమంటే మాత్రం నావల్ల కాదు."

భార్య కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నేను కిటికీవైపు తిరిగాను.

ఉప్పు సంగతి వచ్చేసరికి ఇంకోటి అన్నాడు. "ఇంతకాలం మీ ఉప్పు తిన్నానని చెప్పుకుని బతికా. ఇప్పుడు మీరే మానమంటే, ఇక నేనెవరి మడిసిని బాబూ?"

"బతికినవాడెవడి మనిషైనా ఫరవాలేదు. ముందు చప్పటి గంజి తాగు."

నవ్వులన్నీ మొదట్లోనే. తరవాత సోల అడుగు తడవడమే గగనమైంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూడబెట్టినా మొదటి గీత అందేది కాదు. పడుకుంటే ఆయాసం. దిండ్లెత్తి కూర్చోబెట్టాం. దాహం దాహం అనేవాడు. పెదాలు తడిపి వదిలేసేవాళ్ళం. అతని భార్య క్రైస్తవుల ఇంటి పిల్ల. మంచం కోడు పట్టుకుని పెదవులు కదుపుతూ ప్రార్థన చేసేది. ప్రార్థన మధ్యలో నావైపు చూసేది. ఆ చూపులో ఉన్నది భక్తి కాదు. నీళ్ళివ్వని మనిషిమీద ఉండే చూపు.

ఒక మధ్యాహ్నం నేను డిస్పెన్సరీనుంచి వచ్చేసరికి సావిడి గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని మా అమ్మ కూర్చుని ఉంది. పక్కన కొట్టని కొబ్బరిబోండాం.

"మంచం కింద దాచింది. ఇదిగో, పట్టుకున్నాను" అంది మా అమ్మ.

"చలవమ్మా! ఒళ్ళంతా నిప్పులాగుంటే చలవ చెయ్యొద్దా?" అంది ఆ మనిషి ఏడుస్తూ.

"నాకూ చలవే తెలుసునే. మా అబ్బాయి వద్దన్నాడు. వద్దన్నది ఈ గడప దాటదు."

ఎన్నేళ్ళ తరవాతో మా ఇంట్లో అలాంటి వాక్యం వినిపించింది. వసూళ్ళ రోజుల్లో తాతగారు కూర్చున్న చోటే పీట వేసిందామె. తెలిసి వేసిందో లేదో నేను అడగలేదు. కాంపౌండరుగారు రోజూ రెండు పూటలా వచ్చి గొట్టం కాచి చూసి, ఎంత విరిగిందో చెప్పి, రోగి దగ్గర కాసేపు కూర్చుని వెళ్ళేవారు. ఇద్దరూ ఆ పొరపాటు ఊసెత్తేవాళ్ళు కాదు. కాపు గురించి, కాకుల గురించి మాట్లాడుకునేవాళ్ళు.

ఆ రోజు వచ్చింది. పొద్దున్నే జల్లు పడి వెలిసింది. నేను పెరట్లో మొహం కడుక్కుంటున్నాను. సావిడిలోంచి అతని భార్య గొంతు వినిపించింది. కళ్ళంలో కొలిచేటప్పుడు వినిపించే గొంతు.

"లాభం!"

సబ్బు కళ్ళలోనే ఉంది. పరుగెత్తాను. సోల అంచుదాకా నిండి ఉంది. రంగు ఇంకా ముతకగానే ఉంది, అయినా నీరు నీరులా ఉంది. ఆమె దాన్ని రెండు చేతుల్తో ఎత్తి పట్టుకుంది. ఒక్క చుక్క ఒలకలేదు. తొట్టిలో పోసి వచ్చి మళ్ళీ పట్టింది.

"రెండు!"

లోపల్నుంచి మా అమ్మ గొంతు, అలవాటు చొప్పున, "సరిగ్గా కొలవ్వే" అంది. అన్నాక తనేమందో తనకే తెలిసినట్టుంది. వంటింట్లో ఏదో గిన్నె కిందపడిన చప్పుడైంది. ఆ తరవాత ఆమె నవ్వు. మా నాన్నగారు పోయాక ఆ నవ్వు నేను వినలేదు.

మంచం మీదినుంచి అతను, "శిఖ నావల్ల కాదన్నాగా బాబూ, అయినా పోశా" అన్నాడు.

కాంపౌండరుగారు వచ్చి సంగతి విని, సావిడి మెట్టు మీద కూర్చుని పొడుం పీల్చారు. కళ్ళనీళ్ళు పొడుంవల్లనేనని చెప్పారు. పొడుం ఆయనకు ఎన్నేళ్ళ అలవాటో అందరికీ తెలుసు.

వాపు తీయడానికి నెల పట్టింది. గొట్టంలో తెల్లదనం పూర్తిగా పోవడానికి ఇంకా ఎక్కువే. అది నా గొప్పేమీ కాదు. మాత్ర ఆగింది, ఒళ్ళు తనను తాను బాగుచేసుకుంది, మేం దాన్ని ముంచకుండా కాపలా కాశాం. అంతే. అందరికీ ఒళ్ళు అంత దయగా ఉండదు. తరవాతి ఉద్యోగాల్లో సోల నిండనివాళ్ళనూ చూశాను.

కాంపౌండరుగారు మాత్రం ఆ తరవాత ఎంత జనమున్నా ప్రశ్న కత్తిరించలేదు. "మింగావా? మింగాక ఒంట్లో ఎట్టా ఉంది? దురదా? దద్దురా? నీళ్ళు సరిగ్గా పోతన్నాయా?" అని నాలుగూ అడిగేవారు. మీరూ అవే అడగండి. అడిగి, జవాబు పూర్తయ్యేదాకా ఆగండి. కాపలాదారుడయితే ఏ ఊళ్ళో ఏ డాక్టరెదుటికి వెళ్ళినా జబ్బు చెప్పేముందు, "చీము బిళ్ళ నాకు పడదండీ, పడదంటే కడుపులో పడదని కాదండీ" అని మొదలుపెట్టేవాడట.

ఇక సోల. మా అమ్మ చింతపండుతో తోమింది. బూడిదతో తోమింది. నిప్పుల మీద కాల్చి మళ్ళీ తోమింది. బంగారంలా మెరిసింది. గూట్లో పెట్టబోయి ఆగిపోయింది.

"శుభ్రమైంది. దానికేం. కాని దీంతో మీ నాన్నగారి బియ్యం కొలవలేను" అంది.

కాపలాదారుడి భార్య ఒకరోజు వచ్చి, దాన్ని తమకిమ్మని అడిగింది. ఇంట్లో పెట్టుకుంటామంది. మా ముద్ర ఉన్న కొలత ఇంకొకరి ఇంట్లో ఉండకూడదని మా అమ్మ అంది. నేనూ అదే అన్నాను. ఆ మాట మా ఇంట్లో ఎప్పటినుంచో ఉంది, మేమిద్దరం దాన్ని కాదనే మనుషులం కాము. ఆమె సరేనండీ అని, తెచ్చిన పళ్ళబుట్ట అరుగు మీద పెట్టి వెళ్ళింది.

సోల లేకుండా మిగతా రెండూ జత కాలేదు. ఆ ఏడు దసరా ముందు నూజివీడు బజారులో ఒక ఇత్తడి సామాన్ల కొట్లో కుంచం, మానిక, సోల మూడూ అమ్మేశాం. ముద్ర ఎవరిదని కొట్టువాడు అడగలేదు. తూకానికి తీసుకున్నాడు.